కూత లేని చెడుగుడు

అచ్యుతాపురంలో నేను పనిచేసే మందుల కంపెనీ నన్ను ఆరు నెలలపాటు వేల్స్‌లోని తమ ల్యాబుకి పంపుతానన్నప్పుడు, మా ఇంట్లో అందరికంటే ముందు సరేనన్నది మా అత్తయ్య. మావారికి అన్ని రోజులు సెలవు దొరకదు. నాలుగేళ్ల పాపను వదిలి నేను వెళ్లలేను. ఏం చెయ్యాలో తెలియక మేమిద్దరం మొహాలు చూసుకుంటుంటే, వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"నానొత్తాను. పిల్లని నాను సూసుకుంటాను."

అప్పటికి ఆవిడ వయసు యాభై తొమ్మిది. దేవరాపల్లి దగ్గర చెరకు రైతుల ఇంట పుట్టి, అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే మామయ్యను పెళ్లాడి వచ్చింది. తిరుపతికి తప్ప మరో దూరపు ఊరికి వెళ్లి ఎరగదు. విమానంలో కిటికీ సీటు తనకే కావాలంది. దిగేదాకా నిద్రపోలేదు.

మేం దిగింది కొండల మధ్య చిన్న ఊరు. రోజూ ఏదో ఒక వేళ తుంపర పడేది. ల్యాబు పని నాకు కష్టం కాలేదు, అక్కడి మాటే కష్టమైంది. వాళ్ల ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. మళ్లీ అడిగితే ఏమనుకుంటారోనని తలూపేసేదాన్ని. మీటింగుల్లో నోరు విప్పేదాన్ని కాదు. వారాంతాల్లో మాత్రం అత్తయ్యను, పాపను వెంటబెట్టుకుని ఊళ్లు చూడడానికి బయల్దేరేదాన్ని.

మొదట చూసింది ఒక పాత కోట. చుట్టూ నీళ్లున్న కందకం, నాలుగు మూలలా బురుజులు. బురుజు లోపల మెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. పట్టుకోవడానికి ఒక తాడు వేలాడుతుంది, అంతే. మోకాళ్ల నొప్పులని ఇంట్లో మేడ కూడా ఎక్కని మనిషి, అక్కడ పాప కంటే ముందు పైకి చేరింది. బాణాలు వేసే సన్నటి కిటికీలోంచి చాలాసేపు కిందికి చూసి, ఇక్కడ కాపలా ఉన్నవాడికి అన్నం ఎవరు తెచ్చి పెట్టేవారని అడిగింది. నాకు తెలీదన్నాను. మన బొజ్జన్నకొండ మీద ఒకప్పుడు గుహల్లో ఉన్న బౌద్ధ సన్యాసులకైతే కింది ఊళ్లవాళ్లే పెట్టుంటారని ఆవిడే తేల్చింది. బొజ్జన్నకొండ మా ఊరికి ఆటో దూరమే. పెళ్లయ్యాక ఆవిడ ఒక్కసారీ ఎక్కలేదని అప్పుడే తెలిసింది.

ల్యాబులో నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ నాకంటే జానెడు పొడుగు. ప్రతి సోమవారం ఆవిడ చేతుల మీద నీలం మచ్చలు కనిపించేవి. ఇంట్లో ఎవరో కొడుతున్నారని నాలో నేనే బాధపడేదాన్ని. నెల తర్వాత ధైర్యం చేసి అడిగాను. ఆవిడ పగలబడి నవ్వి, ఆ ఊరి ఆడవాళ్ల రగ్బీ జట్టుకు తాను కెప్టెన్‌నని చెప్పింది. ఆ ఏడు ఆడిన ఆటలన్నీ ఓడిపోయారట. ఆదివారం ఆఖరి ఆట, సొంత మైదానంలోనే. మీ అత్తగారిని తీసుకురా అంది.

ఆ రోజు వాన, బురద. గట్టున నూరుమంది కూడా లేరు. చీర మీద నా కోటు, తలకు మఫ్లరు కట్టుకుని అత్తయ్య మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గర నిలబడింది. కోడిగుడ్డులాంటి బంతి. దాన్ని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. ఎత్తుకుపోయి అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే పాయింట్లు. బంతి ఉన్న మనిషిని పట్టి పడెయ్యొచ్చు. నాకు తెలిసిన ఈ నాలుగు ముక్కలూ చెప్పాను. పది నిమిషాలు ఆట చూసింది.

"ఏటే అమ్మీ, ఇది మన సెడుగుడే గదా," అంది. "కూతొకటే లేదు."

మీకెలా తెలుసన్నాను. ఆడేదాన్నంది. స్కూల్లో ఆవిడే జట్టుకు పెద్దట. పక్క మండలాలకు వెళ్లి గెలిచి వచ్చేవారట. పెద్దమనిషి అయ్యాక ఇంట్లో మాన్పించేశారు. ఆవిడ ఇంట్లో ఎనిమిదేళ్లుగా ఉంటూ ఈ మాట నేను వినడం అదే మొదలు.

అవతలి జట్టులో ఎర్ర రిబ్బను కట్టుకున్న అమ్మాయి ఒకతె ఉంది. గాలిలా పరిగెత్తేది. విరామం లోపే మూడుసార్లు మా వాళ్లను బోల్తా కొట్టించి గీత దాటింది. మూడోసారి అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"మనోళ్లు దాని సేతులు సూత్తన్నారు. సేతులు అబద్ధమాడతాయి, కాళ్లాడవు. ఎడం పక్కకి తిరిగే ముందు అది కుడికాలు గట్టిగా తొక్కుతంది. అప్పుడే పట్టెయ్యాల. యెళ్లి సెప్పు."

నేను కదల్లేదు. విరామంలో గుండ్రంగా నిలబడి నీళ్లు తాగుతున్న పదిహేనుమంది, మధ్యలో దున్నపోతంత కోచ్. వాళ్లకు ఆట నేర్పడానికి నేనెవర్ని? అత్తయ్య నా వీపు మీద చెయ్యి వేసి ఒక్క తోపు తోసింది. తాడు కింద నుంచి దూరి, బురదలో జారుతూ వెళ్లాను. కెప్టెన్ నన్ను చూసి మిగతావాళ్లను ఆగమంది. కుడికాలు, ఎడమ పక్క అని నేనే కాలు తొక్కి, తిరిగి చూపించాను. మొదటిసారి అర్థం కాలేదన్నారు. మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా. వాళ్లు నవ్వుతారనుకున్నాను. కోచ్ తల తిప్పి గట్టు మీదున్న మా అత్తయ్యను చూసి, చెయ్యి ఎత్తి దణ్ణంలా పెట్టాడు.

తర్వాత ఆట మారింది. ఎర్ర రిబ్బను పిల్ల రెండుసార్లు దొరికిపోయింది. మావాళ్లు మళ్లీ మళ్లీ గీత దాటుతూ ఆఖరికి రెండు పాయింట్లు ముందున్నారు. ఇంకో నిమిషంలో ఆట అయిపోతుందనగా బంతి మళ్లీ ఆ పిల్ల చేతికే వచ్చింది. ఆమె ముందు మిగిలింది మా కెప్టెన్ ఒక్కతే. కుడికాలు పడింది. కెప్టెన్ అప్పటికే ఆ పిల్ల ఎడమ వైపుకు దూకింది. ఇద్దరూ కలిసి బురదలో అంత దూరం జారిపోయారు. బంతి పక్క గీత బయటికి దొర్లింది. విజిల్ మోగింది.

మా జట్టంతా బురద ఒంటితో మా వైపే పరిగెత్తుకొచ్చింది. అత్తయ్యను ఎత్తుకోబోతే ఆవిడ వద్దని గొడుగు అడ్డం పెట్టింది. అయినా ఎత్తుకున్నారు. ఆ సలహా లేకపోయినా గెలిచేవాళ్లేమో, నాకు తెలియదు. కెప్టెన్ మాత్రం ఎవరడిగినా గెలిపించింది ఆవిడేననేది.

మరుసటి ఆదివారం కెప్టెన్ తన జట్టులో ఏడుగురితో వచ్చి, మమ్మల్ని రోమన్ల కాలపు మైదానానికి తీసుకెళ్లింది. ఒకప్పుడు సైనికులు చుట్టూ కూర్చుని పోట్లాటలు చూసేవారట. చుట్టూ రాతిగోడలు, ఇప్పుడు వాటిపై గుండ్రటి గట్ల మీదంతా పచ్చగడ్డి. గట్టెక్కి చుట్టూ చూసి అత్తయ్య కిందికి దిగింది. అందరి మఫ్లర్లూ అడిగి తీసుకుని, నడిమికి వరసగా గీతలా పరిచింది. చీర కుచ్చిళ్లు ఎగదోపింది. వద్దన్నా వినలేదు. నా ద్వారా ఆట చెప్పించి, ఊపిరి పీల్చుకుని కూత మొదలుపెట్టింది.

మొదటిసారి ఆ పిల్లలు పెద్దావిడని జాలిపడి వదిలేశారు. ఇద్దర్ని తాకి వెనక్కొచ్చి, సరిగ్గా ఆడమని నాతో చెప్పించింది. రెండోసారి కెప్టెనే నడుం పట్టేసింది. కూత ఆగలేదు. ఆ రాతిగోడల మధ్య "చెడుగుడు చెడుగుడు" అని గిర్రున తిరుగుతుంటే, చూడడానికి వచ్చిన ఎవరెవరో గట్ల మీద నిలబడిపోయారు. అత్తయ్య నేల మీద పడి, పాక్కుంటూ, చెయ్యి చాచి ఎర్ర మఫ్లరు అంచు ముట్టుకుంది. గట్టు మీద అందరూ చప్పట్లు కొట్టారు. మా పాప అందరికంటే గట్టిగా అరిచింది.

ఆ వీడియో మామయ్యకు పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు.

"ముప్పయ్యారేళ్లయింది పెళ్లయి. నువ్వాడతావని నాకెప్పుడూ సెప్పలేదే," అన్నాడు.

"నువ్వెప్పుడడిగేవు?" అంది అత్తయ్య, పాప జడ అల్లుతూనే.

అనకాపల్లి తిరిగొచ్చాక నేను మీటింగుల్లో మాట్లాడడం మొదలుపెట్టాను. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతున్నాను. అత్తయ్య మాత్రం వచ్చిన వారానికే మామయ్యను బయల్దేరదీసి బొజ్జన్నకొండ ఎక్కించింది. సగం మెట్ల దగ్గర ఆయన కూర్చుండిపోతే, ఆవిడ పైదాకా వెళ్లి వచ్చింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆడపిల్లల హైస్కూలు మైదానానికి వెళ్తుంది. ఆ వీడియో చూసి డ్రిల్లు మాస్టారే పిలిచాడు. పోయిన నెల ఆ పిల్లలు జిల్లా ఆటల్లో గెలిచి, కప్పు ముందు మా ఇంటికే తెచ్చారు.