మచ్చలేని పన్ను

ఆ పళ్ల ఆస్పత్రికి వచ్చే పిల్లలు ఆమెను లైటక్క అంటారు. డాక్టరమ్మ దగ్గర పందొమ్మిదేళ్లుగా సహాయకురాలు. కలంలాంటి పరికరం కొసను పన్నుకు ఆనించి ఎర్రటి లేజర్ కాంతి వేస్తుంది. లోపల పుచ్చు ఉంటే ఆ పరికరం కూస్తుంది. పుచ్చు ముదిరేకొద్దీ కూత పైకి లేస్తుంది.

ఆ పరికరం ఆస్పత్రికి రావడానికి ఏడాది ముందు ఆమె చెల్లెలు దవడ పట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ ఆ రోజు లేరు. లైటక్కే చిన్న అద్దం పెట్టి చూసింది. పన్ను ముత్యంలా ఉంది.

"ఏం లేదే. నీకు గోరంత నొప్పొస్తే కొండంత గోల. ఉప్పునీళ్లు పుక్కిలించు, పో."

చెల్లెలు కూడా నవ్వేసి వెళ్లిపోయింది. పన్ను లోలోపలే పుచ్చింది. పదకొండో రోజుకు చీము మెడలోకి దిగి, ఊపిరాడక ప్రాణం పోయింది. తండ్రి లేని ఆరేళ్ల కూతురు లైటక్క ఇంటికి చేరింది.

పైకి ముత్యంలా ఉన్న పన్ను మీద పరికరం మొదటిసారి కూసిన రోజు లైటక్క దాన్ని చేజార్చింది. అప్పటినుంచి ఎవరు నోరు తెరిచినా ఆమెకు చెల్లెలి దవడే కనిపించేది. కూత రాని పన్నునూ మూడేసిసార్లు చూసేది.

"ఇంట్లో నోరు తెరవనివ్వరు, ఇక్కడ మూయనివ్వరు!" అని ఒక పెద్దాయన అంటే గదంతా నవ్వింది, ఆమె తప్ప.

చెల్లెలి కూతురి నోట్లోకి మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు. డాక్టరమ్మే చూసేవారు. ఆ కాసేపూ లైటక్క పక్కగదిలో నిలబడేది.

పదిహేడేళ్లప్పుడు ఆ పిల్ల కుర్చీలో కూర్చుని అంది: "పెద్దమ్మా, ఇవాళ నువ్వే చూడు."

"డాక్టరమ్మ చూస్తార్లే."

"అమ్మని చూసింది నువ్వేనని నాకు తెలుసు. అమ్మమ్మ చెప్పి మూడేళ్లయింది. అయినా నీ చేతి అన్నమే తిన్నాను కదా. చూడు."

లైటక్క పన్ను తడి ఆర్చింది. మోచేతిని కుర్చీకి ఆనించుకుంది. మచ్చలేని దవడ పన్ను మీద కాంతి పడగానే కూత లేచింది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూశారు. నిజమే, చిన్న పుచ్చు. తొలిచి, శుభ్రం చేసి, పూడ్చేసి బయటికి వెళ్లారు. ఇరవై నిమిషాలు పట్టింది.

ఆ పిల్ల మత్తుసూదికి మొద్దుబారిన పెదవితో అడిగింది: "అమ్మకీ ఇంతే పనా, పెద్దమ్మా?"

లైటక్క అబద్ధం చెప్పబోయి ఆగింది.

"అవునే. ఇంతే."

ఆ పిల్ల కుర్చీ దిగి, చెయ్యి పట్టుకోకుండా, వెళ్లిపోకుండా, పెద్దమ్మ పక్కనే నిలబడింది.