ఐదో చింతగింజ

మా భాగ్య పోటీలో మోసం చేసిందని రాసి, రెండేళ్లు ఏ పోటీలోనూ దిగకుండా నిషేధించారు. ఆమె మోసం చేయలేదు. అందుకు ఆధారంగా చూపిన కాగితం కింద సాక్షి సంతకం నాది.

ముందు ఈ మూడు ముక్కలు చెప్పి తర్వాత మిగతాది చెబుతాను. ఎందుకంటే ఈ సంగతి ఎక్కడ మొదలుపెట్టినా వినేవాళ్లు సగంలోనే "దయ్యం కథనా తాతా" అని నవ్వుతున్నారు.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. గాలి సోకిందని, ధూళి తగిలిందని మా మొయినాబాద్ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో వేపమండలు ఊపారో నాకు గుర్తుంది. దయ్యం పట్టిందన్న ప్రతి ఇంట్లో అప్పటికే ఏదో ఒక పంచాయితీ ఉండేది. నేను బడికి పోలేదు. బస్సు బోర్డులు చూసి, కిరాణా పొట్లాల కాగితాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నాను. ముప్పై దాటాక మొదటిసారి సంతకం పెట్టాను. అప్పటి నుంచి రాసి ఉన్నదాన్ని, లెక్కకు అందినదాన్ని మాత్రమే నమ్మాను. అదే మా కొంప ముంచింది.

భాగ్య మా తమ్ముడి బిడ్డ. మా ఊరు చిన్న మంగళారం. తెల్లవారంగనే గులాబీ కట్టలు సైకిలు వెనక కట్టుకొని పోయి, చేవెళ్ల రోడ్డు మీద బస్సుకు అందించి, అటు నుంచి అటే కాలేజీకి పోయేది. నగరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేస్తున్న రోజులవి. కనకమామిడి దిక్కు చేలు ఒక్కొక్కటే ఫాంహౌసులవుతున్నాయి. ఆదివారం వస్తే హెల్మెట్లు పెట్టుకున్న ఉద్యోగులు గేర్ల సైకిళ్ల మీద మా గట్ల వెంబడి తిరిగేవాళ్లు. సైకిలు మాకు అవసరం, వాళ్లకు ఆదివారం. ఒకసారి వాళ్లంతా దిగి నెట్టుకుంటూ పోతున్న గుట్టను భాగ్య గులాబీల సైకిలు మీద, గేర్లు లేకుండా, ఎక్కి దిగింది. ఆమె సంగతి అక్కడ మొదలైంది.

వాళ్లలో ఒకాయన తన పాత మౌంటెన్ బైక్ ఇచ్చాడు. రాళ్లు, వాగులు ఉన్న దారిలో ఒకే చుట్టును ఇన్ని రౌండ్లని తిరగాలి. క్రాస్ కంట్రీ అంటారు. మూడేళ్లలో భాగ్య పుణె దగ్గర, ఊటీ కొండల్లో తొక్కి గెలిచి వచ్చింది. ఒక సైకిళ్ల కంపెనీ ఆమెను జీతం మీద పెట్టుకుంది. సైకిలు తొక్కుడే ఉద్యోగం అంటే మా మరదలు, అంటే భాగ్య తల్లి, నమ్మలేదు. "ఏంది బావా, పోస్టులు పంచుతదా?" అని అడిగింది.

ఆ ఏడాది పెద్ద పోటీ మా దగ్గరే పెట్టారు. మొదట వచ్చినవాళ్లకు దేశం జట్టు శిక్షణలో చోటు. ఆ చోటు వస్తేనే ఉద్యోగం ఉంటుందని కంపెనీ ముందే చెప్పింది. భాగ్యకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఇంకొక ఏడాది ఆగితే చిన్నపిల్లలు వచ్చి దాటేస్తారని ఆమెకు తెలుసు.

మైదానంలో బయలుదేరాలి, వాగు దాటాలి, గుట్ట ఎక్కి దిగాలి, మళ్లీ మైదానానికి రావాలి. ఇట్లా ఐదు రౌండ్లు. వాగు అవతలి ఒడ్డున ఒకరు, గుట్ట కింద ఒకరు, గుట్ట పైన ఒకరు కూర్చుని, దాటిపోయినవాళ్ల నంబర్లు కాగితాల మీద రాసేవాళ్లు. భాగ్య నంబరు పదిహేడు. గుట్ట కింద బండ మీద నేను కూర్చున్నాను. పక్కన కాగితం పట్టుకున్నాయన ఏదో కంపెనీ ఉద్యోగి. పైన గొడుగు కింద ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి కూర్చుందని విన్నాను గాని మలుపు అడ్డం రావడంతో నాకు కనబడలేదు.

వాళ్ల కాగితాల మీద నాకు నమ్మకం లేదు. ఎడమ జేబులో ఐదు చింతగింజలు వేసుకొచ్చాను. భాగ్య దాటినప్పుడల్లా ఒక గింజ కుడి జేబులోకి మారుస్తున్నాను. ఆమె కూడా దాటేటప్పుడు నాకు వినబడేటట్టు అంకె చెప్పేది. "ఒకటి, పెద్దబాపు." "రెండు, పెద్దబాపు." నాలుగు దాకా చెప్పింది.

పదకొండు గంటల ఎండ. ఐదోసారి ఆమె అందరికంటే ముందే వచ్చింది. నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసి ఉంది. వాగులో నీళ్లు మోకాలి దాకానే. ఎడమ చేయి పక్కకు వేలాడుతోంది. కుడిచేత్తోనే హ్యాండిల్ పట్టుకుంది. రెండు చేతులుండి కూడా చాలామంది దిగి నెట్టిన ఎత్తు అది. ఆమె ఒంటిచేత్తో ఎక్కింది. నా దిక్కు చూడలేదు. అంకె చెప్పలేదు. "ఐదు" అన్నది నేనే. నాకు గర్వమే కలిగింది తప్ప అనుమానం రాలేదు. పక్కనాయన ఫోన్లో ఉన్నాడు. "ఎవరు పోయిన్రు తాతా?" అంటే పదిహేడు అన్నాను. రాసుకున్నాడు.

నేను నడుచుకుంటూ మైదానానికి వచ్చేసరికి టెంటు కింద అధికారులు కాగితాలు ముందేసుకొని వాదించుకుంటున్నారు. భాగ్య ఆ గుంపులో ఎక్కడో ఉందనుకున్నాను. "పదిహేడుకు నాలుగే" అన్న మాట నా చెవిన పడింది. అది వాగు దగ్గరి కాగితం సంగతి. నేను అడగలేదు. ఊరిపిల్ల అని ఒక రౌండు మింగుతున్నారు అనుకున్నాను. మా భూముల కాగితాలలో ఇట్లాంటివి చాలా చూసినవాణ్ని.

"ఐదుసార్లు ఎక్కింది సారూ. నా కండ్లతోని చూసిన. రాసుకోరి."

"ఖాయమేనా తాతా?"

"ఖాయమే."

"అయితే రాసిస్తావా? వేలిముద్ర వేస్తావా?"

"ఏలుముద్ర ఎందుకు? సంతకమే పెడత."

ఇంటిపేరుతో సహా, తొందరపడకుండా పెట్టాను.

అప్పుడు బాలమణి ఉరికి వచ్చింది. వాగు ఒడ్డున క్యారెట్లు తవ్వే నలుగురు ఆడవాళ్లలో ఆమె పెద్దది. ఐదో రౌండులో భాగ్య వాగులోకి దిగుతూ, అవతల రాసేవాళ్లకు కనబడని మలుపులో జారి బండల మీద పడిందట. ఈ నలుగురే నీళ్లలోంచి ఎత్తి, ఒడిలో పండబెట్టుకొని, ఆటోలో చేవెళ్ల దవాఖానకు పంపారు. "పడ్డ కాన్నుంచి ఆటో ఎక్కిందాంక మా చేతులల్లనే ఉన్నది" అన్నది బాలమణి. నేను వాగుకు పోయి చూశాను. సైకిలు నీళ్లలోనే ఉంది. ముందు చక్రం అష్టవంకర్లు పోయింది. అక్కడి నుంచి గుట్ట మైలు పైనే.

దవాఖానలో భాగ్య ఎడమ చేయి మెడకు కట్టి ఉంది. మెడ కింది ఎముక విరిగింది. ఆ చేయినే చూస్తూ మంచం పక్కన కూర్చున్నాను.

"పెద్దబాపు, నువ్వు నిజంగ చూసినవా?"

"చూసిన బిడ్డా."

"నేను రాలేదు గద." కుడిచేత్తో కట్టు సర్దుకుంది. "పడ్డాంక మాత్రం, ఇగ ఒక్క గుట్టనే ఉన్నది, ఒక్క గుట్టనే ఉన్నది అనుకుంట పండుకున్న."

పోటీ కమిటీ విచారణకు కూర్చుంది. వాగు కాగితంలో నాలుగు, గుట్ట కాగితంలో ఐదు. అంటే వాగు దాటకుండా బండిబాట పట్టి గుట్ట ఎక్కింది, దొరికిపోతానని వెనక్కి వస్తూ పడింది. అట్లా తేల్చారు. నలుగురు ఆడవాళ్లు చెప్పింది రాసుకొని వేలిముద్రలు తీసుకున్నారు గాని, లెక్కలోకి తీసుకోలేదు. చదువు రానివాళ్లట, పోటీ నియమాలు తెలియనివాళ్లట. నాకు మాత్రం ఏం తెలుసు? నాకు సంతకం వచ్చు, అంతే.

"మేం ఏలుముద్రలోళ్లం గద బాపూ, మా కండ్లకు గూడ చదువు రాదనుకున్నరు" అన్నది బాలమణి. మరదలు అయితే ఒకే ఒక్క మాట అన్నది. "చదువొచ్చినోనివి, నువ్వే ముంచినవ్ బావా."

శిక్షణలో చోటు రెండో ఆమెకు పోయింది. కంపెనీ సైకిలు వెనక్కి తీసుకుంది. రెండేళ్లు అయ్యేసరికి భాగ్య పేరు ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు మోకిలలో కొత్త విల్లాల పిల్లలకు సైకిలు నేర్పుతుంది. సీటు పట్టుకొని పక్కన ఉరుకుతుంది. తాను ఎక్కదు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

వేరే ఎవరినో చూసి పొరబడ్డానేమో అని కూడా వెతికాను. మిగతా ఆడపిల్లలు ఆరుగురు. వాళ్లంతా ఆ తర్వాతే గుట్టకు వచ్చారు, అందరి లెక్కా సరిపోయింది. ఎండదెబ్బ అనుకుందామంటే, ఎండలో చూసిన మిగతా నాలుగూ నిజమే కదా. గుట్ట ఎక్కిన ఆ మనిషి అవతల దిగి ఎక్కడికి పోయిందో చెప్పినవాళ్లు లేరు.

పోటీ పెట్టిన సైకిలు సంఘానికి ఉత్తరాలు రాశాను. మొదట తిట్టాను, తర్వాత బతిమాలాను. నా చూపు తప్పింది, నా సాక్ష్యం కొట్టేయండి అన్నాను. వేలాడుతున్న చేయి సంగతి మాత్రం ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే ఐదోసారి చూసినట్టు మళ్లీ ఒప్పుకున్నట్టే. ఏళ్లు గడిచాయి, జవాబు లేదు. చివరి ఉత్తరంలో, నేను చూడలేదు, అబద్ధం చెప్పాను అని రాశాను. అదే అబద్ధం. కింద సంతకం పెట్టబుద్ధి కాలేదు. వేలిముద్ర వేశాను.

దానికి జవాబు వచ్చింది. నేను చూసింది ఏమిటో నాకు తెలియదు. తెలుసని చెప్పేవాళ్ల మాట నేను వినను. వచ్చిన కాగితం మాత్రం ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను.

"మీ ఉత్తరం అందినది. మీ సాక్ష్యాన్ని తొలగించినప్పటికీ నిర్ణయంలో మార్పు ఉండదని తెలియజేయడమైనది. గుట్ట పైభాగంలో నియమించిన వలంటీరు కాగితంలో సైతం పదిహేడో నంబరు ఐదోసారి దాటినట్లు నమోదై ఉన్నది. మీ సమాచారం కొరకు, ఆ నంబరు పక్కన వలంటీరు రాసిన మాటలను యథాతథంగా ఇస్తున్నాము: 'ఎడమ చేయి వేలాడుతోంది. పిలిస్తే పలకలేదు. వెంటనే డాక్టర్‌ను పంపండి.'"