బీదర్ కోటకి ట్రంకు పెట్టెతో వెళ్లిన రోజు

మా చిన్నప్పుడు నాన్న అడగకుండా ఐస్‌క్రీమ్ కొనిచ్చాడంటే... తినేముందు ఆయన మొహం చూసేదాన్ని. అనుమానం పెనుభూతం అంటారు కదా, ఆ భూతం నాతోపాటే పుట్టింది!

తప్పంతా నాదే అనలేం. మదీనాగూడలో మా పక్కింటి సునీతను పొద్దున జూపార్కు తిప్పి, సాయంత్రం అటునుంచి అటే హాస్టల్‌లో వేసి వచ్చారు. సెలవులకు వచ్చినప్పుడు అది నా చెవిలో ఊదింది.

"ఊకెనే యాడికన్న తీస్కపోతమన్నరంటే నమ్మకే. ట్రంకు పెట్టె కనబడ్డదంటే ఇగ నీ పని అయిపోయినట్టే!"

ఆ వేసవి సెలవుల చివర్లో నాన్న ఉన్నట్టుండి, "రేపు బీదర్ కోట చూసొద్దాం" అన్నాడు. నాన్న పటాన్‌చెరులో ఒక కంపెనీలో మెకానిక్కు. ఆదివారం డ్యూటీ దొరికినా వదలని మనిషి. ఆయనకు కోటేమిటి, షికారేమిటి!

"నేల కింద గదులుంటయి బిడ్డా. యుద్ధాలైనప్పుడు అండ్లనే దాసుకునేటోళ్లంట."

"ఊకెనే పోతున్నమా నాయినా?"

"ఊకెనే," అన్నాడు, తన చెప్పుల వంక చూస్తూ.

అప్పుడు నేను నాలుగో తరగతి గట్టెక్కాను. లెక్కలంటే నాకు చలిజ్వరం. మా అన్న డేవిడ్ ఏడో తరగతి పూర్తిచేశాడు, ఎప్పుడూ క్లాసు ఫస్టే. ఇంట్లో ఇద్దరిలో ఒకరిని హాస్టల్‌లో వేయాలంటే ఎవరిని వేస్తారు? మొద్దునే కదా. జన్మలో మొదటిసారి నాకు లెక్క సరిగ్గా వచ్చిందనుకున్నాను.

పొద్దున్నే బయల్దేరేముందు అమ్మ ప్రార్థన చేసింది. అమ్మ దవాఖానలో నర్సు. ఆమె ప్రార్థన కూడా సూది వేసినట్టు టక్కున అయిపోయేది. ఆ రోజు మాత్రం ఎంతకీ ఆమెన్ రాలేదు. నేను ఒక కన్ను తెరిచి చూశాను... అమ్మ చెయ్యి అన్న తల మీద ఉంది. నా తల మీద లేదు. అంటే నన్ను అప్పుడే వదిలేసుకుందన్నమాట!

బస్సెక్కాక ఇంకోటి చూశాను. నాన్న కాళ్ల దగ్గర, పాత దుప్పటి చుట్టి, మూలలు బయటికి పొడుచుకొస్తూ... ట్రంకు పెట్టె.

"అమ్మా, అండ్ల ఏమున్నయి?"

"పులిహోర," అంది అమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

నలుగురు తినే పులిహోరకు ట్రంకు పెట్టెనా? నన్ను మరీ అంత మొద్దు అనుకున్నారా!

జహీరాబాద్‌లో బస్సు ఆగితే నాన్న మా ఇద్దరికీ ఐస్‌క్రీమ్ కొన్నాడు. అడగకుండానే. అన్న తనది కూడా నా చేతిలో పెట్టి, "నాకొద్దే, నువ్వే తిను" అన్నాడు. అన్నకూ సంగతి తెలుసు, అందుకే జాలి పడుతున్నాడు అనుకున్నాను. రెండూ తినేశాను మరి. ఏడుపు ఏడుపే, ఐస్‌క్రీమ్ ఐస్‌క్రీమే.

కోట బయట టీ కొట్టాయనకు పెట్టె అప్పగించి లోపలికి వెళ్లాం. రాయి తొలిచిన కందకాలు, పెద్ద పెద్ద ఫిరంగులు... ఏవీ నా కళ్లకు ఆనలేదు. నా చూపంతా అమ్మానాన్నల కాళ్ల మీదే. ఎటు తప్పించుకుపోతారో అని.

చివరికి నేల కింద గదుల్లోకి దిగాం. చల్లదనం, గబ్బిలాల కంపు, ఒక గదిలోంచి ఇంకో గది. టార్చి లైటు పట్టుకుని ముందు నడుస్తున్న ముసలాయన, "దుష్మన్ వస్తే ఆడోళ్లను, పిల్లలను ఈడనే దాచేటోళ్లు. జర అట్ల ముందుకు పోతే కోట బయటికి దొంగదారి ఉండె" అన్నాడు.

దొంగదారి అనగానే నాకు మొత్తం అర్థమైపోయింది. చీకట్లో నన్ను ఇక్కడే వదిలేసి వీళ్లు అటునుంచి అటే పోతారు! గబగబా నా జడ రిబ్బను విప్పాను. ఒక కొస నా చేతికి చుట్టుకుని, రెండో కొస అమ్మ కొంగుకు ముడేశాను. ఒకటి కాదు, మూడు ముళ్లు.

రెండడుగులు వేయగానే అమ్మకు కొంగు లాగినట్టయింది. "ఏందే ఇది?"

అంతే, భోరుమన్నాను. "నన్ను హాస్టల్‌ల ఎయ్యకుండ్రి! లెక్కలు మంచిగ చేస్త! నేను ఈడ ఉండ!"

గదులన్నీ నా ఏడుపును తిరిగి నాకే వినిపించాయి. నాన్న నా వైపు చూడటం లేదు, అన్న వైపు చూస్తున్నాడు.

"నిన్ను కాదే పిచ్చిదానా," అన్నాడు అన్న. "నన్ను."

బాగా చదివేవాళ్లనే హాస్టల్‌లో వేస్తారని నాకెవరు చెప్పారు! బీదర్‌లో ఒక రెసిడెన్షియల్ స్కూల్లో అన్నకు సీటొచ్చింది. పదో తరగతి దాకా అక్కడే. ముందే తెలిస్తే నేను ఇల్లు పీకి పందిరేస్తానని, నాకు చెప్పొద్దన్నది అన్నేనట.

దాచుకోవడం ఎందుకు... ఆ మాట వినగానే ముందు నాకు సంతోషమే వేసింది. హమ్మయ్య, నన్ను కాదు! ఆ సంతోషం మెట్లెక్కి ఎండలోకి వచ్చేదాకా ఉంది. పైకొచ్చాక, ఆ రోజంతటిలో మొదటిసారి అన్న మొహం సరిగ్గా చూశాను. పెదవులు కొరికి కొరికి ఎర్రగా అయిపోయి ఉన్నాయి.

తిరుగు బస్సులో ముగ్గురమే. అమ్మ కొంగుకు నా రిబ్బను ఇంకా వేలాడుతోంది. మదీనాగూడ వచ్చేదాకా ఎవరమూ విప్పలేదు.

ఇప్పుడు నేను కొండాపూర్‌లో, అన్న ప్రగతి నగర్‌లో. ఇద్దరివీ హైటెక్ సిటీ ఉద్యోగాలే. ఈ కాలం పిల్లలకు హాస్టల్‌ని ముందే చూపిస్తారు, నచ్చిందా అని అడుగుతారు, రోజూ వీడియో కాల్ చేస్తారు. మంచిదే...

మొన్న ఆదివారం, "అన్నా, పిల్లల్ని తీస్కొని బీదర్ కోటకు పోదమా?" అన్నాను. వచ్చాడు. కానీ కారెక్కలేదు. వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచాడు. చాప, నీళ్ల సీసాలు, పులిహోర గిన్నె. గిన్నె మూత కూడా తీసి చూశాడు!

"ఏందన్నా, నీక్కూడ అనుమానమేనా?"

"ఏం లేదే... పొద్దుగూకినంక అందరం తిరిగొస్తున్నం గద?"

నవ్వుతూనే అన్నాడు. నలభై దాటిన మనిషి.

మీ ఇంట్లో కూడా షికారని తీసుకెళ్లి వదిలేసి వచ్చిన వాళ్లుంటే, ఆ రోజు ఎలా గడిచిందో ఒకసారి అడిగి ఇక్కడ రాయండి. నేను మా అన్నను ఇంతవరకు అడగలేదు.