నరసయ్య పంతులు అడిగిన ఒక్క ముక్క

ఒక మాట అరవై ఏండ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం దాన్ని తోసుకుంటూనే లోపలికి పోతుంది. నవ్వు దాన్ని దాటుకునే బయటికొస్తుంది. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు, అందుకే నీకు రాసి చెబుతున్నాను.

ముందే ఒక సంగతి. నేను పెంచి చెప్పే మనిషిని. దారిలో పిల్లి ఎదురైతే ఊళ్ళోకొచ్చి పులి అంటాను. ఆమధ్య బచేలిలో టీచర్లకు శిక్షణ పెట్టి, పాతకాలపు పంతుల్ని కదా అని నన్నూ పిలిచారు. పిల్లల గోలతో బుర్ర వేడెక్కినప్పుడు ఏం చేయాలో చెప్పమన్నారు. మూడు వందల మంది ముందు మాట్లాడానని ఇంటికొచ్చి చెప్పాను. ముప్పై మంది ఉంటారేమో.

వాళ్ళకు చెప్పింది ఇది. దోసిట్లో ఇప్పపువ్వులు పట్టుకోండి. కళ్ళు మూసుకోండి. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక్క పువ్వు బుట్టలో వేయండి. దోసిలి ఖాళీ అయ్యేదాకా బెత్తం ముట్టొద్దు, నోరు తెరవొద్దు. ఎవరు నేర్పారు సార్ అని అడిగారు. బైలడీల కొండ మీద ఒక సాధువు అన్నాను. గడ్డం మోకాళ్ళదాకా ఉండేదని కూడా అన్నాను. రాసుకున్నారు. శాలువా కప్పారు.

సాధువు లేడు. నేర్పింది నరసయ్య పంతులు. ఆయన్ని నేను ఏం చేశానో చెప్పాలి.

బస్తరు ఇంకా రాజుగారి కిందే ఉన్న రోజులు. కొంటా బడిలో ఇద్దరమే. నరసయ్య పెద్దపంతులు, నేను చిన్నపంతుల్ని. ఉన్నది ఒకటే సావడి. పుస్తకం హిందీలో. దుకాణాలవాళ్ళ పిల్లలకు తెలుగులో చెప్పాలి, దోర్ల గిరిజనుల పిల్లలకు వాళ్ళ దోర్లిలో, జగదల్‌పూర్ నుంచి వచ్చిన సర్కారు నౌకర్ల పిల్లలకు హల్బీలో. ఒక్క పాఠం నాలుగుసార్లు. మధ్యాహ్నానికి నరసయ్య మెడ మీద నరాలు తాళ్ళలా లేచేవి. ఒకనాడు ఆ మంటలో ఒక దోర్ల పిల్లను బెత్తంతో కొట్టాడు. చెయ్యి వాచింది. మర్నాడు పిల్ల రాలేదు.

ఆయన వాళ్ళ ఊరికి నడిచి వెళ్ళాడు. వెళ్ళేసరికి తెల్లవారుతోంది, ఆడవాళ్ళు చెట్లకింద ఇప్పపువ్వు ఏరుతున్నారు. ఆ పిల్ల తల్లి తిట్టలేదట. తలెత్తనే లేదట. వంగడం, ఒక పువ్వు. వంగడం, ఒక పువ్వు. ఈయనా వంగి ఏరడం మొదలుపెట్టాడట. బుట్ట నిండేసరికి తన ఊపిరి తనకు వినపడిందని చెప్పాడు. ఆమె ఆ పిల్లను మళ్ళీ పంపింది. బెత్తం అటకెక్కింది. అప్పటినుంచి రోజూ పాఠానికి ముందు దోసెడు పువ్వులు. కాలంకాని కాలంలో ఎండువి. ఆయన కళ్ళు మూసుకుంటే నలభై మంది పిల్లలు కిక్కురుమనేవాళ్ళు కారు.

నేను వెనకనుంచి గురకపెట్టి వాళ్ళను నవ్వించేవాణ్ణి.

ఒక చైత్రంలో తనిఖీ అధికారి వచ్చాడు. కొత్తవాడు, ఎక్కడో ఉత్తరాది నుంచి. చెప్పకుండా వచ్చాడు. నరసయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. సావడంతా పువ్వు వాసన. మా ఊళ్ళో చంటిపిల్లను అడిగినా చెబుతుంది, పువ్వు వాసన వేరు, ఆ పువ్వుతో కాచిన సారా వాసన వేరు. ఆ అధికారికి తెలియదు. నన్ను వసారాలోకి పిలిచి హిందీలో అడిగాడు, మీ పెద్దపంతులు తాగుతాడా అని.

ఇప్పచెట్ల రాజ్యం హుజూర్, ఇక్కడ కాకులు కూడా తూలుతాయి అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తాగుతాడా, లేదా అని మళ్ళీ అడిగాడు. నేను తల దించుకున్నాను.

అప్పుడు తాగడు అని ఉంటే అయిపోయేది. ఎందుకు అనలేదు? పెద్దపంతులు ఉద్యోగం మీద ఆశా? ఉంది, లేదనను. కానీ ఎన్నో ఏండ్లు తవ్వుకుంటే అడుగున దొరికింది వేరే. పిల్లలు నన్ను చూసి నవ్వేవాళ్ళు, ఆయన్ని చూసి నిమ్మళించేవాళ్ళు. అది నేను ఓర్వలేకపోయాను. ఇంత చిన్న సంగతికి ఒక మనిషిని ముంచుతారా? ముంచుతారు. నేను ముంచాను.

నెలకు హుకుం వచ్చింది. తాగి బడికి వస్తున్నాడు కనుక ఉద్యోగంలోంచి తీసేశాం, చెప్పుకునేది ఉంటే సాక్ష్యంతో దర్ఖాస్తు పెట్టుకోవచ్చు అని. నరసయ్య ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నేను తల దించుకున్న సంగతి ఆయనకు తెలియదు.

"తమ్మీ, ఒక్క ముక్క రాసియ్యి. నరసయ్య తాగడు అని. కింద నీ దస్కతు. చాలు."

"అంతేనా అన్నా? గంగిగోవసుంటోడని కూడా రాస్తా."

"ఆవొద్దు, దూడొద్దు. తాగడని రాయి. నీ రాత మంచిగుంటది."

"రేపు రాస్తా."

"రేపు పొద్దుగాల టపా బండి పోతది తమ్మీ."

"ఏందన్నా తొందర? నువ్వేగా తొందరొద్దంటవు పిల్లలకు!"

నవ్వాడు. అయ్యో, ఆ మనిషి నవ్వాడు. సరే, సాయంత్రం వస్తా అని వెళ్ళాడు.

సాయంత్రానికి నేను శబరి దాటి అవతలి ఒడ్డున మా అక్క ఇంట్లో ఉన్నాను. మూడు రోజులు అక్కడే తిన్నాను, పడుకున్నాను, పేకాడాను. వచ్చేసరికి బండి పోయింది. దాంతో సాక్ష్యం లేని దర్ఖాస్తు పోయింది, పైవాళ్ళు కొట్టేశారు.

ఆయన పెళ్ళాంపిల్లలతో గొల్లపల్లికి, బావమరిది పొలం మీదికి చేరాడు. అక్కడ తాగడం మొదలుపెట్టాడు. నిజంగానే. పోయేదాకా మానలేదట. కబురు తెచ్చినవాళ్ళు, చూశారా, ముందునుంచీ అంతే అన్నారు. నేను కూడా తలూపాను. అన్నిటికన్నా ఆ తలూపడమే నన్ను ఎక్కువ తింటుంది.

పెద్దపంతుల్నయ్యాక ఆ సావడి గోల నావల్ల కాలేదు. ఆయన బుట్ట తీసి ముందు పెట్టుకున్నాను. పనిచేసింది. ఎన్నో ఏండ్లు నా చేతిని ఆపింది. ఎవరిదని అడిగితే ఏం చెప్పను? సాధువు పుట్టాడు.

బచేలిలో శిక్షణ అయ్యాక వారానికి ఒక టీచరమ్మ ఇంటిదాకా వచ్చింది. ఈ వారం ఒక్క పిల్లనూ కొట్టలేదు తాతా, మీ పుణ్యమే అంది. కాళ్ళకు మొక్కబోతే కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. ఆమెకూ నిజం చెప్పలేదు.

నిన్ను క్షమించమని అడగను. అది నీ చేతిలో లేదు. ఇవ్వగలిగినవాడు గొల్లపల్లి మట్టిలో ఉన్నాడు. ఇందులో పెంచి చెప్పింది ఏమీ లేదు, ఒక్కసారికి నమ్ము.

నరసయ్య తాగడు. ఆ రోజు తాగలేదు, ఆ బడిలో ఏ రోజూ తాగలేదు. పక్కనే ఉండి చూసినవాణ్ణి, నాకు తెలుసు.

రాశాను. నిమిషం కూడా పట్టలేదు.