అరంగుళం మాస్టారి తల

"...తల నాది, టేపు నాది. మధ్యలో నీకొచ్చిన నొప్పేంటి?"

"నొప్పి మీకేగా! పొద్దుట్నుంచి నాలుగుసార్లు కొలిచారు. బడి గుమాస్తా పన్నెండింటికి వస్తాడు, ఆయనకేం చెప్పమంటారు?"

"ఈ ఏడాది యూనిఫారాలు కుట్టనని చెప్పు."

దర్జీ కొట్టు వెనకగదిలో ఆయన, ముందుగదిలో కాజాలు కుడుతూ ఆవిడ. ఆయన్ని అందరూ అరంగుళం మాస్టారంటారు. ఎవరికి ఏం కుట్టినా కుట్టు లోపల అరంగుళం గుడ్డ వదులుతాడు. "ఇప్పుడు సన్నగా ఉన్నావు సరే, పెళ్లయ్యాక చూద్దాం," అంటాడు.

ఎనిమిది నెలల కిందట ఆయన కుడిచెవి పైన పుర్రె తెరిచి, మెదడును ఆనుకుని ఉన్న గడ్డ తీశారు. కట్టు విప్పిన రోజు అద్దంలో కుట్లు చూసుకుని, "ఇది కచ్చా కుట్టు. అసలు కుట్టు ఎప్పుడు వేస్తారు?" అని నర్సును అడిగాడు.

గడ్డ పోయింది గాని తలనొప్పి మిగిలింది. వేళ తప్పని చుట్టంలా రోజూ పన్నెండింటికి వచ్చి, సాయంత్రం దాకా కదలదు. గడ్డ మళ్ళీ రాలేదనీ, ఇది ఆపరేషన్ చేసిన చోటి నొప్పేననీ, కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుందనీ డాక్టరు చెప్పాడు. కొలత లేని మాటను మాస్టారు నమ్మలేడు. రోజూ కొట్టు తెరవగానే తల చుట్టూ టేపు పెట్టి, వచ్చిన అంకెను బీరువా తలుపు లోపల సుద్దతో రాస్తాడు. ఎప్పుడూ ఇరవై రెండుంబావే.

ఇవాళ ఇరవై రెండుముప్పావు.

"లోపల మళ్ళీ పెరుగుతోందే," అన్నాడు, గొంతు తగ్గించి. "నూట ఇరవై మంది పిల్లల కొలతలు తీసుకుని నేను సగంలో పోతే, ఎవరు కుడతారు?"

ఆవిడ సూది చీరకొంగుకు గుచ్చి లోపలికి వచ్చింది. సుద్దగీతలు చూసింది. ఆయన మెడలోని టేపు చూసింది.

"ఏవండీ, ఇది నిన్న సాయంత్రం నేను మార్చిన టేపు. పాతదాని అంకెలు చెరిగిపోయాయని."

"చెప్పకుండా టేపు మారుస్తావా!" మాస్టారు తల సంగతి మరిచి లేచాడు. "అదెక్కడ?"

పాత టేపు గుడ్డముక్కల మూటకు కట్టి ఉంది. విప్పి, రెంటినీ బల్ల మీద పక్కపక్కన పరిచి, చివర్లకు గుండుసూది గుచ్చాడు. ఇరవై రెండు దాటేసరికి పాతదాని అంకె సరిగ్గా అరంగుళం వెనకబడింది.

"పదహారేళ్ళు లాగితే సాగదా మరి?" అంది ఆవిడ.

"అయితే ఇన్నాళ్ళూ అందరికీ తప్పు కొలతలతో కుట్టానా?"

"మనిషినీ, గుడ్డనీ కొలిచింది ఆ ఒక్క టేపేగా. తేడా ఎక్కడొస్తుంది?"

"మరి నా తల?"

"ఉన్నంతే ఉంది. లోపలున్నదీ అంతే, ఏం పెరగలేదు."

మాస్టారు నవ్వబోయి, కుడిచెవి పైన అరచెయ్యి అదుముకుని కూర్చున్నాడు. గోడ గడియారం పన్నెండు కొట్టింది. ఆవిడ కిటికీ మూసి, తడిగుడ్డ పిండి ఆయన నుదుటి మీద వేసింది.

"నొప్పి మాత్రం వచ్చేసిందే."

"టేపు మారిస్తే పోయేదైతే రోజుకొకటి కొనేదాన్ని."

అంతలో బడి గుమాస్తా పిల్లల జాబితాతో గుమ్మంలోకి వచ్చి, "ఏం మాస్టారూ, ఈ ఏడు సంగతి?" అన్నాడు.

మాస్టారు కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"నేనే కుడతాను. అయితే రోజూ పన్నెండు దాకానే. రేపు పొద్దున కొట్టు తెరిచే వేళకి పిల్లల్ని పంపండి. నా తల కొలుచుకునే టైము కూడా వాళ్ళకే ఇచ్చేస్తాను."