ఇష్టమేనా?

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల గోడ వారన ఇరవై ఆరేళ్ళుగా ఆకుకూరలు అమ్ముతున్న బాలమ్మకు అబద్ధమాడడం రాదు. పుంటికూర నిన్నటిదైతే నిన్నటిదే అని చెప్పి అమ్ముతుంది. అలాంటి మనిషి నోటిమాటతోనే ఆమె కడుపు కొట్టబోయారు. ఆ క్వార్టర్లలోనే ఉంటూ రోజూ ఆమె దగ్గరే కూర కొనే నా కోపమంతా దానికే.

ఆమధ్య మిట్టమధ్యాహ్నం పూట మున్సిపల్ ఆఫీసు నుంచి కల్పలత అనే సర్వే అమ్మాయి వచ్చింది. గోడ పొడుగునా కూర్చునేవాళ్ళు అరవై మంది. ఆ వేళకు అందరూ అన్నాలకు పోగా పదకొండు మందే మిగిలారు.

"అమ్మా, నీడ, మంచినీళ్ళు, బాత్రూం ఉన్న చోట అమ్ముకోవడం మీకు ఇష్టమేనా?" అని అడిగింది.

"ఎవరికి ఇష్టముండదు బిడ్డా? ఎండల కూసుంటే పానం పోతున్నది," అంది బాలమ్మ. టిక్కు పడింది.

ఈ "ఇష్టమేనా" ఉందే, పెళ్ళిచూపుల్లో నలుగురి ముందు పిల్లను అడిగే మాట. జవాబు ఆ ప్రశ్న కడుపులోనే ఉంటుంది. పక్కన నిమ్మకాయలమ్మే ఇమాం వలి ఒక్కడే "ఏడ?" అని అడిగాడు. ఆయన్ని వద్దన్నవాళ్ళలో రాసుకున్నారు.

నెల తిరక్కుండా గోడకు నోటీసు అతికించారు. వ్యాపారుల్లో నూటికి తొంభై ఒక్క మంది తరలింపు కోరుతున్నారట, సోమవారంలోగా అందరూ సైనిక్‌పురి అవతలి స్థలానికి పోవాలట. పదకొండు మందిలో పదిమంది, అదీ వాళ్ళ తొంభై ఒకటి. అసలు అడగనే అడగని నలభై తొమ్మిది మంది ఎవరి లెక్కలోనూ లేరు. నాకు ఒళ్ళు మండిపోయింది. తోటకూర కట్ట కోసం క్వార్టర్ల ఆడవాళ్ళు అంత దూరం పోతారా?

బాలమ్మకు నోటీసు చదివి వినిపించింది నేనే. "పోతనని నేనెప్పుడన్న?" అని కొంగు దోపుకుని ఆఫీసుకు బయలుదేరింది. నేనూ వెంట నడిచాను. అక్కడ అధికారి రాఘవేందర్, పక్కన కల్పలత ఉన్నారు.

"మీరే అవునన్నరు కదమ్మా. లెక్క గట్ల వచ్చినంక మేమేం చేస్తం?" అన్నాడాయన.

బాలమ్మ ఆయన బల్ల దగ్గరికి జరిగింది. "సారూ, సుట్టూ చెట్లు, సల్లటి గాలి, లొల్లి లేని జాగల పెద్ద ఇల్లుంటే మీకు ఇష్టమేనా?"

"ఎవరికి ఇష్టముండదమ్మా?" అన్నాడు, ఫైలు తిప్పుతూనే.

బాలమ్మ కల్పలత వైపు తిరిగింది. "రాసుకో బిడ్డా. సారు సోమారం లోపట అడివికి పోతడంట."



సోమవారం బాలమ్మ ఎప్పటిలాగే గోడ వారన గంప దించింది. నోటీసు ఇంకా ఆమె తల మీదే ఉంది. ఇప్పుడు ఎవరొచ్చి ఏమడిగినా, జవాబు చెప్పే ముందు "ఏడ?" అంటోంది.