కాలవగాలి మీద మోపిన నేరం

తొంభైల చివర్లో నేను రావులపాలెంలో కొత్త కోడలిని. మామయ్యగారు రిటైరైన డాక్టరు. సాయంత్రం కాఫీ తాగుతూ పాతకాలపు వైద్యుల సంగతులు చెప్పేవారు. అంటురోగాలు ఎలా వస్తున్నాయో తెలియక వాళ్ళు బురద వాసననీ, గ్రహాలనీ అనుమానించారట. పురుడు పోసే ముందు చేతులు కడుక్కోండి, బాలింతలు బతుకుతారని ఒకాయన మొత్తుకుంటే, "మా చేతులు మురికివా?" అని తోటి డాక్టర్లు ఇంతెత్తున లేచారట.

"ఎంత మూర్ఖులో చూశావా అమ్మా!" అని పకపకా నవ్వేవారు మామయ్యగారు.

ఆ వేసవిలో ఊరంతా కళ్ళకలకలు. మా ఇంట్లోకి రాజమండ్రి కాలేజీ నుంచి మా మరిది మోసుకొచ్చాడు. ఎనిమిది రోజుల్లో నాకు టీచరు ఉద్యోగం పరీక్ష. రెండేళ్ళుగా చదువుతున్నాను. కళ్ళు ఎర్రబడితే పరీక్ష పేపరు చదవగలనా అని ఒకటే దడ.

మామయ్యగారు రంగంలోకి దిగారు. కాలెండరు కాగితం వెనక ఎవరికి ఏ రోజు వచ్చిందో పట్టిక గీసి గోడకి అంటించారు. ఇంటి వెనక కాలవ మీంచి వచ్చే గాలే కారణమని తేల్చి, పట్టికలో "కాలవగాలి" అని రాసి, కిటికీలన్నీ మూయించారు. మేమంతా ఉక్కలో ఉడికిపోయాం. పైగా రోజూ పొద్దున్నే చుక్కల మందు. ముందు మరిది కళ్ళలో వేసి, ముందుజాగ్రత్తగా బాగున్నవాళ్ళకీ అదే సీసాతో వేసేవారు. నాకేమో కంటి దగ్గరికి ఏదొచ్చినా చిన్నప్పటి నుంచీ హడలు. పిండి రుబ్బుతున్నాననో, తలంటుకున్నాననో తప్పించుకునేదాన్ని. మా ఆయనకి వచ్చింది. అత్తయ్యగారికీ వచ్చింది. నాకు రాలేదు.

గోడ మీది పట్టిక చూస్తుంటే విషయం బోధపడింది. చుక్కలు వేయించుకున్న వాళ్ళందరికీ వచ్చింది. కానీ కొత్త కోడలు ఆ మాట ఎలా అంటుంది?

ఐదో రోజు దొరికిపోయాను. "రా అమ్మా, కూర్చో" అంటూ సీసా ఎత్తారు. దాని మూతి మీద ఎవరి కంటి పుసో ఎండిపోయి ఉంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మామయ్యగారూ, చేతులు కడుక్కున్నారాండీ?"

లోపల్నుంచి అత్తయ్యగారు, "ఆ పాత డాక్టర్లనీ ఇదే అడిగారన్నారు కదండీ!" అన్నారు.

ఆయన సీసా వంక చూశారు, పట్టిక వంక చూశారు. కోపం రాలేదు. పెన్ను తీసి, "కాలవగాలి" అన్న మాట కొట్టేసి, పక్కన "నేనే" అని రాశారు. సబ్బు తీసుకుని పంపు దగ్గరికి నడిచారు. కిటికీలు తెరుచుకున్నాయి, హమ్మయ్య!

పరీక్ష రోజుకి ఆయన కళ్ళూ ఎర్రబడ్డాయి. నల్లకళ్ళజోడుతో బస్టాండుకి వచ్చారు. దండం పెట్టబోతే నాలుగడుగులు వెనక్కి గెంతి, చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"దగ్గరికి రాకమ్మా. దీవెన ఇక్కణ్ణుంచే ఇస్తాను, తీసుకో."

బస్సెక్కాక నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోతుంటే కింద నుంచి కేక వినబడింది.

"చెయ్యి తియ్యి! కళ్ళు ముట్టుకోకు!"